సొంత గోడు, పదిమంది పాట

(సంఘం వార్షికోత్సవం సందర్భంగా ఆన్‌లైన్‌లో జరిగిన యువ సమావేశంలో, యువజన విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మామూలుగా పోడు పట్టాల గురించి, రిజర్వేషన్ల గురించి, గోర్‌బోలిని ఎనిమిదో షెడ్యూల్లో చేర్చాలన్న డిమాండ్ గురించి మాట్లాడుకుంటాం. ఈసారి పెద్దలు మాకు అరగంట ఇచ్చి, మీ ఇష్టమొచ్చింది మాట్లాడండి అన్నారు. మెటాలికా గురించి మాట్లాడతాం అన్నాం. ఒక నిమిషం ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఒక పెద్దాయన "ఆ అరుపుల బ్యాండేనా?" అని అడిగారు. ఆ అరుపుల బ్యాండే. ఇష్టమొచ్చింది అన్నారు కాబట్టి ఆయన మాట తప్పలేదు, మేమూ తప్పలేదు.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మెటాలికా అమెరికా బ్యాండ్. 1981లో లాస్ ఏంజెలెస్‌లో డ్రమ్ములు వాయించే లార్స్ ఉల్రిక్, గిటారు పట్టి పాడే జేమ్స్ హెట్‌ఫీల్డ్ కలిసి మొదలుపెట్టారు. నలభై ఏళ్లు దాటినా ఇంకా వాయిస్తూనే ఉన్నారు. 2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో కూడా వాయించారు. మనలో కొందరికి ఈ పాటలు హాస్టల్లో సీనియర్ల మెమరీ కార్డుల్లోంచి వచ్చాయి. ఇంకొందరికి 2022లో 'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్‌లో ఒక కుర్రాడు 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' వాయించే సీను చూశాక వచ్చాయి. ఎలా వచ్చినా, మా విభాగంలో ఇప్పుడు ఏడెనిమిది మంది గట్టి అభిమానులున్నారు. అభిమానులంటే తెలుసు కదా, ఒకే బ్యాండ్‌ని ప్రేమించి దాని గురించే కొట్టుకునేవాళ్లు.

మా కొట్లాట 2023 ఏప్రిల్‌లో వచ్చిన '72 సీజన్స్' ఆల్బమ్‌తో ముదిరింది. ఇది మా ఒక్కరి తగువు కాదు. ప్రపంచంలో మెటాలికా అభిమానులున్న ప్రతిచోటా ఇదే తగువు.

ముందు ఆ పేరు సంగతి. 72 సీజన్లు అంటే మనిషి మొదటి పద్దెనిమిదేళ్లు. వాళ్లకి ఏడాదికి నాలుగు కాలాలు, పద్దెనిమిదేళ్లకి డెబ్బై రెండు. మన పంచాంగం లెక్కన ఆరు ఋతువులు, అంటే నూట ఎనిమిది. తాండాలో బతికేవాళ్లకి ఎండ, వాన, చలి మూడే, కాబట్టి యాభై నాలుగు. లెక్క ఏదైనా హెట్‌ఫీల్డ్ చెప్పింది ఒకటే. ఆ మొదటి పద్దెనిమిదేళ్లలో నువ్వు ఎవరివో నీకు ఇంట్లోవాళ్లు, చుట్టూ ఉన్నవాళ్లు చెప్తారు. అది నిజమైనా అబద్ధమైనా నీ మీద అతుక్కుపోతుంది. పెద్దయ్యాక నువ్వు చేసేదంతా ఆ చిన్నతనాన్ని మళ్లీ ఆడటమో, దానితో తలపడటమో అవుతుంది. ఆల్బమ్‌లోని పన్నెండు పాటలు చాలావరకు దీని చుట్టూనే తిరుగుతాయి. లోపలి చీకటి, వెంటాడే నీడ, అద్దంలో తన ముఖం, ఆత్మహత్య ఆలోచన, వదలని దుఃఖం.

దీనిమీద ఒక వర్గం అభిమానులు ఏమంటారంటే, ఇది పాటలు రాయడం కాదు, కౌన్సెలింగ్ గదిలో కూర్చుని చెప్పుకున్న మాటలకి గిటారు కట్టడం. ఇదే మనిషి ఇరవై, ఇరవై ఐదేళ్ల వయసులో యుద్ధం గురించి రాశాడు, బైబిల్లో ఐగుప్తు మీద పడిన తెగుళ్ల గురించి రాశాడు, అమ్ముడుపోయిన న్యాయస్థానాల గురించి రాశాడు. హెమింగ్వే నవల చదివి ఒక పాట, డాల్టన్ ట్రంబో నవల పట్టుకుని ఇంకో పాట చేశారు. ఆ ఆల్బమ్ నాటికి అరవై ఏళ్లకి దగ్గరపడి, కోట్ల డాలర్లున్నవాడు, ఇంకా చిన్నప్పటి గాయం గురించే చెప్తే మేం ఎన్నాళ్లు వినాలి? పైగా అవే మాటలు. చీకటి, వెలుగు, నీడ.

రెండో వర్గం అంటుంది: మెటల్ సంగీతంలో మగవాడు ఏడవడు. కోప్పడతాడు, తాగుతాడు, పగలగొడతాడు. ఆ లోకంలో అందరికంటే గట్టిగా అరిచిన మనిషి నిలబడి నాకు భయంగా ఉంది అంటున్నాడు. దాని విలువ మీకు తెలియకపోతే, మీకు ఇంకా ఆ అవసరం పడలేదని అర్థం.

మూడో వర్గం కూడా ఉంది, మాటలు ఎవడు వింటాడు, రిఫ్ బాగుందా లేదా అనేవాళ్లు. వాళ్లు సుఖంగా ఉన్నారు. వాళ్ల జోలికి పోవద్దు.

మేం చెప్పదలచుకున్నది ఏంటంటే, మొదటి రెండు వర్గాలూ తూకం రాయి తప్పు పెట్టుకుని తూస్తున్నాయి. ఒకరు 'సొంత గోడు కాబట్టి తక్కువ' అంటున్నారు. ఇంకొకరు 'నిజమైన బాధ కాబట్టి గొప్ప' అంటున్నారు. బాధ నిజమా కాదా అన్నది మనిషికి సంబంధించిన ప్రశ్న. పాటకి వేరే ప్రశ్న ఉంది. ఆ బాధలోకి ఇంకో మనిషి దూరడానికి సందు ఉందా?

అసలు ఈ మనిషి సొంత గోడు ఇప్పుడు మొదలుపెట్టలేదు. హెట్‌ఫీల్డ్ తండ్రి లారీ డ్రైవర్. తల్లి ఆపెరా పాటలు పాడేది. ఇద్దరూ క్రిస్టియన్ సైన్స్ అనే మత శాఖవాళ్లు. జబ్బు చేస్తే మందు కాదు, ప్రార్థనే నయం చేస్తుందని నమ్మే శాఖ అది. జేమ్స్‌కి పదమూడేళ్లప్పుడు తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. పదహారేళ్లప్పుడు తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. అంటే 72 సీజన్లు పూర్తి కాకముందే ఇల్లు ఖాళీ అయిపోయింది.

1984లో 'ఫేడ్ టు బ్లాక్' వచ్చింది. ఆ ఏడాది జనవరిలో బోస్టన్‌లో బ్యాండ్ సామాన్లు దొంగలు ఎత్తుకుపోయారు, హెట్‌ఫీల్డ్‌కి ఇష్టమైన యాంప్ కూడా పోయింది. ఉండటానికి సరైన చోటు లేని కుర్రాళ్లు. ఆ నిస్పృహలోంచి పుట్టింది ఆ పాట. బతకాలనిపించని మనిషి మాట్లాడే పాట. అప్పటి అభిమానులు దీన్ని చూసి ఏమన్నారో తెలుసా? మెల్లగా మొదలైంది, అకూస్టిక్ గిటారు ఉంది, అమ్ముడుపోయారు అన్నారు. ఇవాళ '72 సీజన్స్'ని తిట్టేవాళ్లు పాత రోజులకి ఉదాహరణగా చూపించేది ఆ పాటనే. ఆ పాట వల్లే ఆగిపోయాం, బతికిపోయాం అని చెప్పుకునే అభిమానులు అప్పటినుంచీ ఉన్నారు.

1988లో 'డయ్యర్స్ ఈవ్', తల్లిదండ్రుల మీద కొడుకు కోపం. 1991లో నల్ల అట్ట ఆల్బమ్‌లో 'ద గాడ్ దట్ ఫెయిల్డ్', తల్లి నమ్మకం మీద, ఆ నమ్మకం చేతిలో ఆమె పోవడం మీద. 1996లో 'అంటిల్ ఇట్ స్లీప్స్', క్యాన్సర్ మీద. అదే ఆల్బమ్‌లో 'మామా సెడ్', తల్లీ కొడుకుల మధ్య మిగిలిపోయిన మాటల మీద. ఆ ఏడాదే తండ్రి కూడా పోయాడు. (ఆ 1996లో అభిమానులు ఎక్కువగా గొడవపడింది ఈ పాటల మీద కాదు, నలుగురూ జుట్టు కత్తిరించుకున్నందుకు. అభిమానం అంటే అలా ఉంటుంది.)

'ద గాడ్ దట్ ఫెయిల్డ్' మళ్లీ ఒకసారి వినండి. తల్లి చనిపోయి పదేళ్లు దాటాక రాసిన పాట. అందులో అమ్మ పేరు లేదు. ఏ ఊరు, ఏ ఆసుపత్రి, ఏ జబ్బు అన్నది లేదు. అందుకే మన తాండాలో జ్వరంతో పడి ఉన్న పిల్లని భగత్ దగ్గర కూర్చోబెట్టి, ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్లిన ఇంటివాళ్లు ఆ పాట వింటే, అది వాళ్లది అయిపోతుంది. మా వాళ్లలో ఒకరికి అలాగే అయింది. ఆ వివరాలు ఇక్కడ చెప్పం. పాటకి అర్థం వెతికి చెప్పింది ఆ అమ్మాయే, ఇంటర్ రెండో సంవత్సరంలో.

'నథింగ్ ఎల్స్ మ్యాటర్స్' ఇంకా విచిత్రం. ఊళ్లు తిరిగే టూర్లో, దూరంగా ఉన్న స్నేహితురాలిని తలుచుకుని తన కోసం తను రాసుకున్న పాట అది. బ్యాండ్‌కి పనికొస్తుందని కూడా అనుకోలేదు. మెటాలికా ఏంటి, ప్రేమ పాట ఏంటి అని. లార్స్ విని, రికార్డు చేద్దామన్నాడు. 2021లో ఆ ఆల్బమ్ ముప్పై ఏళ్ల సందర్భంగా వేరే వేరే కళాకారులు పాడిన 'బ్లాక్‌లిస్ట్' సంకలనం వస్తే, అందులో ఈ ఒక్క పాటకే పదికి పైగా రూపాలున్నాయి. ఎవరికీ వినిపించకూడదనుకున్న పాట అందరికంటే ఎక్కువమంది నోట్లో పడింది.

ఇక రెండో వైపు చూద్దాం. సొంత గోడు నిజమైనంత మాత్రాన పాట నిలబడదు అనడానికి మెటాలికానే సాక్ష్యం ఇచ్చింది. అది 2003 నాటి 'సెయింట్ యాంగర్'.

2001 జనవరిలో బేస్ వాయించే జేసన్ న్యూస్టెడ్ బ్యాండ్ వదిలేశాడు. జూలైలో హెట్‌ఫీల్డ్ తాగుడు మాన్పించే కేంద్రంలో చేరాడు. నెలల తరబడి బ్యాండ్ ఉంటుందో పోతుందో తెలియదు. మేనేజర్లు ఫిల్ టౌల్ అనే ఆయన్ని పిలిపించారు. మాజీ సైకోథెరపిస్టు. నెలకి 40 వేల డాలర్లు. ఆయన వాళ్లని కూర్చోబెట్టి ఒకరితో ఒకరు మాట్లాడించాడు. హెట్‌ఫీల్డ్ తిరిగొచ్చాక, మధ్యాహ్నం 12 నుంచి 4 వరకే పని చేస్తానన్నాడు. నేను లేనప్పుడు మీరు కూడా రికార్డింగ్ వినకండి, చర్చించకండి అన్నాడు. లార్స్‌కి ఒళ్లు మండింది. ఇదంతా కెమెరా ముందే జరిగింది. జో బెర్లింజర్, బ్రూస్ సినోఫ్‌స్కీ తీసిన 'సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్' డాక్యుమెంటరీ 2004లో వచ్చింది. దొరికితే తప్పకుండా చూడండి. నలుగురు మగవాళ్లు, మాట్లాడటం రానివాళ్లు, మాట్లాడటం నేర్చుకోవడం ఎంత కష్టమో అందులో కనిపిస్తుంది. 1983లో బ్యాండ్ లోంచి తీసేసిన డేవ్ మస్టేన్ దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత లార్స్ ఎదుట కూర్చుని, ఆ గాయం ఇంకా ఎలా ఉందో చెప్పే సీను ఒకటుంది. మాకు తెలిసి అంత ఇబ్బంది పెట్టే సీను సంగీతం మీద వచ్చిన ఏ సినిమాలోనూ లేదు.

కానీ ఆ గదిలోనే పాటలు కూడా రాశారు. అప్పటిదాకా మాటలు ఎక్కువగా హెట్‌ఫీల్డే రాసేవాడు. ఇప్పుడు అందరూ కాగితాల మీద తోచింది రాసి కలిపారు. చివరికి టౌల్ కూడా కొన్ని మాటలు రాసిచ్చాడు. ఈయన తనని బ్యాండ్‌లో సభ్యుడు అనుకుంటున్నాడేమో అని హెట్‌ఫీల్డ్‌కే అనుమానం వచ్చింది. ఆ సినిమాలో మాకు అన్నిటికంటే ముఖ్యమైన క్షణం అదే. వైద్యం చేసేవాడు పాట రాయడం మొదలుపెడితే వైద్యమూ చెడుతుంది, పాటా చెడుతుంది.

'సెయింట్ యాంగర్' ఆల్బమ్ అమెరికా అమ్మకాల్లో మొదటి స్థానంలోకి వెళ్లింది. పేరున్న పాటకి గ్రామీ కూడా వచ్చింది. అయినా అభిమానులు దాన్ని ఇప్పటికీ క్షమించరు. డబ్బా కొట్టినట్టుండే డ్రమ్ము శబ్దం, సోలోలు లేకపోవడం అని కారణాలు చెప్తారు. మా లెక్కలో అసలు లోటు మాటల్లో ఉంది. గాయం ఇంకా పచ్చిగా ఉంది. దాన్ని ఏ ఆకారంలోకీ తేకుండా అలాగే బల్ల మీద పెట్టారు. అంతకంటే నిజాయితీగల ఆల్బమ్ వాళ్లు చేయలేదు. మేం అభిమానులమే, కానీ మొత్తం ఒక్క దెబ్బకి వినమంటే మాలో ఎవరూ ఒప్పుకోరు. ఆ ఆల్బమ్ వాళ్లని బతికించింది, అది వాళ్లకి పనికొచ్చింది. అంతవరకు దానికి నమస్కారం.

ఈ మాట దగ్గర మా సమావేశంలో ఒక అన్న అడ్డుపడ్డాడు. "మనకి పాట అంటే జనానిది. గద్దర్, గూడ అంజయ్య, గోరటి వెంకన్న పాటలు విని పెరిగాం. నేను, నా బాధ, నా చిన్నతనం అని మూలిగే పాట పట్టణం పిల్లల విలాసం. మన భూమి పోతుంటే నీ డిప్రెషన్ గురించి పాడతావా?" అన్నాడు. తేలిగ్గా తీసేసే మాట కాదు అది. తెలంగాణ ఉద్యమంలో పాట ఏం చేసిందో మన కళ్ల ముందే ఉంది.

కానీ 'నేను'కీ 'జనానికీ' మధ్య గీత అంత తిన్నగా ఉండదు. మెటాలికా యుద్ధ వ్యతిరేక పాట 'వన్' తీసుకోండి. కాళ్లూ చేతులూ, చూపూ, మాటా, వినికిడీ అన్నీ పోయి మంచం మీద మిగిలిన ఒక సైనికుడు 'నేను' అని మాట్లాడతాడు. యుద్ధం మీద వంద ఉపన్యాసాలు చెప్పలేనిది ఆ ఒక్క 'నేను' చెప్తుంది. మన ఉద్యమ పాటల్లో కూడా కొడుకుని పోగొట్టుకున్న తల్లి, ఊరు వదిలిన కూలీ 'నేను' అనే మాట్లాడతారు కదా.

ఇంకా దగ్గరికి వద్దాం. సొంత గోడు పాడుకోవడం పట్టణం పిల్లల విలాసం అన్నాడు అన్న. మరి మన ధావ్లో ఏంటి?

మీలో చాలామంది వినుండరు. పెళ్లయి అత్తారింటికి వెళ్లే పిల్ల పాడే ఏడుపు పాట ధావ్లో. పెళ్లికి ముందే పెద్ద ఆడవాళ్లు పిల్లకి ఆ పద్ధతి నేర్పేవాళ్లు. పిల్ల యాడిని మెడ చుట్టి పట్టుకుని పాడుతుంది, తండ్రిని పట్టుకుని పాడుతుంది, అన్నని, పిన్నిని, స్నేహితురాలిని. రాగం పాతది, ఎప్పటినుంచో వస్తున్నది. అందులో పేర్లు, జ్ఞాపకాలు, ఫిర్యాదులు మాత్రం ఆ పిల్లవి. నన్నెందుకు పంపేస్తున్నారు అని తండ్రిని ఎదురుగా అడగడానికి మామూలు మాటల్లో నోరు రాదు. ధావ్లోలో అడగొచ్చు. అప్పుడు ఎవరూ తప్పు పట్టరు. పట్టుకున్నవాళ్లు కూడా ఏడుస్తారు.

దీన్ని చాలా అందంగా చెప్పేస్తున్నాం అనుకోకండి. ఆ పిల్లలకి పన్నెండు, పదమూడేళ్లకే పెళ్లిళ్లు చేసిన రోజులున్నాయి. ఆ ఏడుపు ఊరికే ఆచారం కాదు, ఏడవాల్సిన కారణం ఉండేది. ధావ్లో పోయిందని బాధపడేముందు, ఆ పెళ్లిళ్లు పోవాలనే మేం కోరుకుంటాం. అయినా ఆ పాట కట్టిన పద్ధతి చూడండి. సొంత గోడు చెప్పుకోవడానికి జాతి మొత్తం కలిసి ఒక అచ్చు తయారుచేసి ఇచ్చింది. పిల్ల దాన్ని తన కన్నీళ్లతో నింపుతుంది. కవిత్వం రానక్కర్లేదు. ఒంటరిగా కూర్చుని రాయనక్కర్లేదు. ఎవరి ముందు పాడాలో, ఎవరి మెడ పట్టుకోవాలో కూడా ముందే తెలుసు. ఇప్పుడు పెళ్లిళ్లలో డీజే పెట్టాం. అప్పగింతలప్పుడు పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంది, ఏడవడానికి పాట మాత్రం లేదు.

మెటాలికా అభిమానుల తగువులో మాకు దొరకని మాట ఇక్కడ దొరికింది. థెరపీలో వినేవాడికి మనం డబ్బులిస్తాం. అది అతని పని, అతను ఏడవకూడదు. పాటలో వినేవాడు తన టైము మనకిస్తున్నాడు, అతనికి కూడా ఏదో అందాలి. ధావ్లోలో వినేవాడి మెడ మీద పాడేవాళ్ల చెయ్యి ఉంటుంది, తప్పించుకోలేడు. మూడూ వేరు వేరు పనులు. ఒకదాన్ని ఇంకోదాని లెక్కతో తూచితే తగువు తెగదు.

'72 సీజన్స్' దగ్గరికి మళ్లీ వద్దాం. ఆ ఆల్బమ్ మీద మా తీర్పు మొత్తం మెప్పూ కాదు, మొత్తం తెగడ్తా కాదు. కొన్ని పాటల్లో హెట్‌ఫీల్డ్ చెప్పేది నిజమే కానీ, ముందే తయారై ఉన్న మాటల్లో చెప్తాడు. అద్దాల గది, నీడ వెంటబడటం లాంటివి ఎవరైనా చెప్పగలిగిన పోలికలు. మొదటి వర్గం అభిమానులకి అక్కడ మా ఓటు. కానీ చివరి పాట 'ఇనమొరాటా' ఉంది చూశారా, పదకొండు నిమిషాలు, వాళ్ల ఆల్బమ్‌లలో అన్నిటికంటే పొడవైన సొంత పాట. అందులో దుఃఖాన్ని ఒక ప్రియురాలిని చేశాడు. వదిలించుకోవాలనుకుంటూనే వదల్లేని మనిషి. బాధలో ఉండటం అలవాటైపోయి, అది లేకపోతే తనెవరో తెలియని స్థితి. రోజూ సాయంత్రం సారా దుకాణం వైపు కాళ్లు లాగే మనిషి ఇంట్లో ఉన్నవాళ్లెవరికైనా ఆ పాట అర్థమవుతుంది. ఇంగ్లీషు రాకపోయినా, ఒకసారి చెప్తే చాలు.

'స్క్రీమింగ్ సూసైడ్' గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ పేరే కొందరు అభిమానులకి నచ్చలేదు. ఆ మాట పైకి అనడమే తప్పు అన్నట్టు లోకం ఉంది, అలాంటి ఆలోచనలు లేనట్టు నటించడం అర్థం లేనిది, చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఉంటాయి, మాట్లాడితేనే దాన్ని ఎదుర్కోగలం అని హెట్‌ఫీల్డ్ ఆ పాట విడుదలప్పుడు చెప్పుకున్నాడు. పాటగా అది గొప్పదా అంటే మాలో ముగ్గురు అవునన్నారు, ఐదుగురు కాదన్నారు. కానీ గురుకులాల్లో, హాస్టళ్లలో, కోచింగ్ సెంటర్లలో ఉన్న మన పిల్లల గురించి తెలిసినవాళ్లు ఆ మాటని పైకి అనొద్దని మాత్రం అనలేరు. ఆరేళ్లకి ఆశ్రమ పాఠశాలలో వదిలితే, అక్కడి భాష రాక, రాత్రి ఏడిస్తే దుప్పటి లాక్కునే సీనియర్ల మధ్య పెరిగిన పిల్లలు మనలో ఉన్నారు. వాళ్ల డెబ్బై రెండు సీజన్లు ఎవరూ రాయలేదు. అలాంటి ఆలోచనలు మీకో, మీ పక్కవాళ్లకో వస్తుంటే టెలీ మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పాట దాని పని అది చేస్తుంది, ఫోను దాని పని అది చేస్తుంది. ఒకటి ఉందని ఇంకోదాన్ని మానకండి. హెట్‌ఫీల్డ్ కూడా 2019లో మళ్లీ చికిత్సకి వెళ్లాడు, అందుకోసం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ టూర్ వాయిదా వేశారు. అప్పటికి ఎన్ని పాటలు రాసి ఉన్నాడో లెక్కేసుకోండి.

2022 మే నెలలో బ్రెజిల్‌లో బెలో హొరిజాంచె అనే ఊళ్లో జరిగిన సంగతి మాకు చాలా ఇష్టం. స్టేజీ మీద పాటల మధ్య హెట్‌ఫీల్డ్ ఆగి జనంతో చెప్పాడు. ఇక్కడికి రాకముందు మనసు బాగోలేదు, ముసలివాణ్ని అయిపోయాను, ఇక వాయించలేనేమో అని లోపల ఏదో చెప్తూ ఉంది, ఆ మాట వీళ్లకి చెప్పాను, వీళ్లు నన్ను పట్టుకుని మేమున్నాం అన్నారు అని. అప్పుడు మిగతా ముగ్గురూ వచ్చి జనం ముందే అతన్ని కౌగిలించుకున్నారు. ఇరవై ఏళ్ల కింద ఒకే గదిలో మాట్లాడుకోవడానికి నెలకి 40 వేల డాలర్లు కట్టిన మనుషులు వీళ్లే. ఆ వీడియో చూసి మా వాళ్లలో ఒకమ్మాయి, "ఇది ధావ్లోనే కదా, పాట లేదు అంతే" అంది.

చివరిగా మా సొంత తగువు. మాలో డిగ్రీ చదివే ఒక తమ్ముడు గోర్‌బోలిలో ఒక ర్యాప్ పాట కట్టాడు. తండ్రి తాగుడు గురించి, అమ్మ గాజుల గురించి, తను ఫీజు కట్టలేక పరీక్ష పోగొట్టుకున్న సంగతి గురించి. ఫోన్లో రికార్డు చేసి మాకు వినిపించాడు. బయట పెడతానన్నాడు. సగంమంది పెట్టు అన్నారు. సగంమంది ఇంటి గుట్టు వీధిలో పెట్టొద్దు, ఇప్పటికే బయటివాళ్లు లంబాడీలంటే సారా అంటారు, వాళ్లకి ఇంకో సాక్ష్యం ఇస్తావా అన్నారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఇంకొకరు అడిగారు, "అమ్మని అడిగావా?" అని. అడగలేదు. వారం తర్వాత అడిగి వచ్చాడు. అమ్మ పాట మొత్తం విని, గాజుల ముక్క ఉంచమంది, దెబ్బల ముక్క తీసేయమంది. అతను తండ్రి పేరు కూడా తీసేశాడు. మాలో కొందరికి మొదటి రూపమే నచ్చింది, ఇప్పటికీ అదే అంటున్నారు. మాకు మాత్రం రెండోసారి విన్నప్పుడు అది అతని ఇంటి పాటలా కాక, మాలో ముగ్గురి నలుగురి ఇంటి పాటలా వినిపించింది. ఇంకా బయట పెట్టలేదు. తండ్రికి వినిపించాలా వద్దా అన్నది తేలలేదు. మీ అభిప్రాయాలు చెప్పండి, అతను ఇక్కడే ఉన్నాడు, వింటున్నాడు. పేరు అడగొద్దు.

వచ్చే నెల రెండో ఆదివారం మళ్లీ కలుస్తున్నాం. మీ ఇంట్లో ధావ్లో వచ్చిన అమ్మమ్మో, నానమ్మో ఉంటే, ఆమె ఒప్పుకుంటేనే, ఫోన్లో రికార్డు చేసి తీసుకురండి. ఎవరి పెళ్లిలో ఎవరిని పట్టుకుని పాడిందో కూడా అడగండి. చెప్పేటప్పుడు ఆమె ఏడిస్తే రికార్డింగ్ ఆపేసి పక్కన కూర్చోండి. ముందు అవి వింటాం, తర్వాత 'ఫేడ్ టు బ్లాక్' పెడతాం. స్పీకర్ మేం తెస్తాం. ఆ పెద్దాయన కూడా వస్తానన్నారు, సౌండ్ తగ్గిస్తే.